గాంధారం జరిగిన చోటు

మొదటి రోజు: చిన్న రైలు దారిలో

నౌపడ దాటగానే రైలు సముద్రపు గాలిని వదిలేసి కొండల వైపు మళ్లుతుంది. చిన్నప్పుడు వేసవి సెలవులకు మేనమామగారింటికి పర్లాకిమిడి వెళ్లేటప్పుడు ఈ మలుపు కోసం కిటికీ పక్కన కాచుకుని కూర్చునేదాన్ని. అప్పుడది రెండున్నర అడుగుల పట్టాల మీద నడిచే చిన్న బండి. 1900లో పర్లాకిమిడి దాకా వేసిన ఆ లైను 1931కి గుణుపురం చేరింది. 2011 నుంచి పెద్ద లైను. బండి మారింది గానీ టెక్కలి దాటాక వచ్చే జీడితోటలు, వాటి వెనక నీలంగా లేచే కొండలు మారలేదు.

ఈసారి ముగ్గురం బయలుదేరాం. నేను ఫిడేలు. మా పెద్దనాన్నగారి అమ్మాయి, అంటే నాకు అక్క, వీణ. మూడో ఆమె నెదర్లాండ్స్ నుంచి వచ్చిన అతిథి. కొన్నేళ్ల క్రితం మార్గశిరం కచేరీల రోజుల్లో చెన్నైలో పరిచయమైంది. అక్క వీణ విని, ‘మీతో కలిసి ఒక్కసారి వాయించాలి, వేదిక మీద కాదు, ఎవరింట్లోనైనా’ అని అడిగింది. ఆ మాట నిలబడి ఉండగా, మాఘమాసంలో ఆరు రోజులు కుదిరాయి. బరంపురంలో మా పిన్నిగారున్నారు, పర్లాకిమిడిలో మామయ్య ఉన్నారు. ఒడిశాలో మా తెలుగు చుట్టరికాలు ఈ రెండు ఊళ్ల మధ్యే అల్లుకుని ఉన్నాయి.

అతిథి పెట్టె మనిషంత ఉంది. ఎదురు సీటులో కూర్చున్న పాతపట్నం ఆవిడ చాలాసేపు దాన్నే చూసి, ‘లోపల ఏముందమ్మా, వీణా?’ అని అడిగింది.

‘వీణకున్నట్టు మెట్లుంటాయండీ, కానీ కమానుతో వాయిస్తారు’ అన్నాను.

‘అయితే ఫిడేలే కదా.’

‘ఫిడేలుకు మెట్లుండవు కదండీ.’

ఆవిడ కాసేపు ఆలోచించి, ‘అటు మేనత్త పోలిక, ఇటు పిన్ని పోలిక అన్నమాట’ అంది. ఆ వాద్యం గురించి ఇంతకంటే మంచి వర్ణన నేను ఇంకెక్కడా వినలేదు.

దాని పేరు వియోలా ద గాంబా. గాంబా అంటే ఇటలీ భాషలో కాలు. వాద్యాన్ని రెండు పిక్కల మధ్య నిలబెట్టి వాయిస్తారు కాబట్టి ఆ పేరు. పదిహేనో శతాబ్దం చివర స్పెయిన్‌లో రూపుదిద్దుకుని, మూడు వందల ఏళ్లు ఐరోపా రాజభవనాల్లో రాణించి, ఫిడేలు ధాటికి వెనక్కి తగ్గింది. దాని ఆఖరి మహావిద్వాంసుడిగా చెప్పుకునే కార్ల్ ఫ్రీడ్రిష్ ఆబెల్ 1787లో లండన్‌లో పోయాడు. మళ్లీ దాన్ని బతికించుకోవడం పంతొమ్మిదో శతాబ్దం చివరి సంవత్సరాల్లో గానీ మొదలుకాలేదు.

రాత్రి భోజనాలయ్యాక మామయ్యగారి హాలులో అతిథి పెట్టె తెరిచింది. మెడ మీద గొర్రె పేగుతో చేసిన ఏడు మెట్లు, ముడివేసి బిగించినవి. తీగలు కూడా పేగువే, లావు తీగల మీద మాత్రం లోహపు చుట్టు ఉంది. తీగలు ఏడు. వీణకూ ఏడే కదా అని అక్క ముందుకు జరిగింది. ప్రయాణంలో శ్రుతి ఏమైందో చూద్దామని ఆమె కమాను కూడా తీయకుండా, బొటనవేలితో లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఒక్కొక్కటే మీటింది. మెట్టు నొక్కలేదు. ఉత్త తీగలు.

నేనూ అక్కా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రెండో తీగను షడ్జం, అంటే ‘స’, అనుకుంటే, కింది నుంచి వచ్చినవి పంచమం, షడ్జం, మధ్యమం, కైశికి నిషాదం, చతుశ్రుతి రిషభం, పంచమం, షడ్జం. సరిమపనిస. మధ్యమావతి! కచేరీ ముగించే ముందు మంగళకరమని మనం పాడుకునే రాగం, ఆ వాద్యం ఉత్త తీగల్లో ఐదు వందల ఏళ్లుగా నిద్రపోతూ ఉంది. వాళ్లకది వేళ్లకు సౌకర్యంగా ఉండే అమరిక మాత్రమే. మామయ్య పడక్కుర్చీలోంచి లేచి, ‘ఇంకోసారి మీటమ్మా’ అన్నారు. ఆరోజు అంతకుమించి ఏమీ వాయించలేదు.

రెండో రోజు: పర్లాకిమిడి

పొద్దున్నే మామయ్య అతిథిని ఊరు చూపించడానికి తీసుకెళ్లారు. ఆయనకు ఈ ఊరంటే మొదట గిడుగు రామమూర్తి పంతులుగారు. పంతులుగారు ఇక్కడే పిల్లలకు పాఠాలు చెబుతూ, కొండల మీది సవరల మాట విని, నేర్చుకుని, వాళ్ల భాషకు వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. ‘పుస్తకంలో ఎలా ఉందో కాదు, నోట ఎలా పలుకుతుందో వినమన్నారు పంతులుగారు’ అని మామయ్య దారి పొడవునా చెబుతూనే ఉన్నారు. మహేంద్రతనయ నది అవతలి గట్టు ఆంధ్రప్రదేశ్, ఇవతలిది ఒడిశా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీయే.

పది గంటలకు తంబురా కింద పెట్టుకుని కూర్చున్నాం. మధ్యాహ్నం మూడింటిదాకా లేవలేదు. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే విలువైనవి ఆ ఐదు గంటలు. అందులో మేం రాగం వాయించినది పావుగంట కూడా లేదు.

ముందు శ్రుతి ఎంత అన్న ప్రశ్న వచ్చింది. ఆమె వాద్యం పాత ఐరోపా సంగీతం వాయించేవాళ్లు ఇప్పుడు పెట్టుకునే ఒప్పందం ప్రకారం, ఈనాటి పియానో కంటే ఒక అరమెట్టు కింద ఉంటుంది. సెకనుకు 440 కంపనలుండాల్సిన చోట 415. ఆ లెక్కన ఆమె షడ్జం మన ఒకటిన్నర శ్రుతి. మగవాళ్లు హాయిగా పాడుకునే శ్రుతి అది. నా ఫిడేలుకు ఇబ్బంది లేదు, ఎక్కడ పెట్టినా స-ప-స-ప. అక్క వీణే మొరాయించింది. మూడు శ్రుతికి అలవాటుపడిన సారణి తీగ ఒకటిన్నరకు దించేసరికి వదులైపోయి, స్వరం ఊగేలా గమకం లాగితే మెట్టు మీద గిలగిలమంది. పేగు తీగను పైకి బిగిస్తే తెగుతుంది కాబట్టి ఆమె పైకి రాలేదు. అక్క పెట్టెలో వెతికి లావు తీగ తీసింది. తీగ మార్చి, అది సాగి కుదురుకునేదాకా గంటపైన పట్టింది. ఆ గంట మాకు మంచిదే అయింది. తంబురా అలా మోగుతూనే ఉంది, అతిథి కళ్లు మూసుకుని వింటూ ఉంది.

కాసేపటికి ఆమె కళ్లు తెరిచి, ‘ఇందులో ఎవరూ మీటని స్వరం ఒకటి వినిపిస్తోంది’ అంది. మంద్ర షడ్జం తీగ చల్లారుతూ ఉండగా పైన తేలే గాంధారం, ‘గ’. స్వయంభూ గాంధారం అంటాం మనం. ఆమె తన వాద్యంపై షడ్జం తీగ నాలుగో మెట్టు దగ్గర నొక్కి కమాను వేసింది. అదీ గాంధారమే, కానీ తంబురాది కాదు. రెంటి మధ్యా గాలి అలలు అలలుగా కొట్టుకుంది.

లెక్క చెబుతాను, ఎందుకంటే మా యాత్రంతా ఈ లెక్క చుట్టూ తిరిగింది. ఒక స్థాయిని 1200 భాగాలు చేస్తే తంబురాలో దానంతట అది పలికే గాంధారం 386 దగ్గర ఉంటుంది. హార్మోనియం గాంధారం 400 దగ్గర. పాత ఐరోపా వాద్యకారులు హార్మోనియం కంటే మనకే దగ్గర, తీయని గాంధారం కోసమే వాళ్లు మెట్లు అటూ ఇటూ జరుపుకునేవారు. అయితే తోడుగా మోగే తీగల పెట్టె, హార్ప్సికార్డ్, అన్ని శ్రుతులకూ సర్దుకుపోవాలి కాబట్టి ఒక రాజీకి వస్తారు. ఆమె మెట్టు ఆ రాజీ ప్రకారం 393 దగ్గర ఉంది. మామూలు చెవికి తెలియని తేడా. తంబురా పక్కన కూర్చుంటే తెలియకపోవడం అసాధ్యం.

ఆమె ఏం చేసిందంటే, నాలుగో మెట్టును రెండు వేళ్లతో పట్టుకుని పైకి జరిపింది. అంతే. వీణకు ఆ మాట అనలేం. మైనంలో నాటిన ఇరవై నాలుగు మెట్లలో ఒకటి కదపాలన్నా మైనం కరిగించి మళ్లీ మేళం కట్టాలి. ఈమెకు అది వేలిముడి పని. మళ్లీ కమాను వేసింది. ఇంకా కొంచెం. మామయ్య స్కూలు పిల్లల స్కేలు తెచ్చి కొలిచారు. తీగ పొడవు 70 సెంటీమీటర్లు. మెట్టు సరిగ్గా ఐదో వంతు దగ్గర, 14 సెంటీమీటర్ల చోట ఆగింది. జరిగింది రెండు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ, ఒక బియ్యపు గింజ అడ్డం. ఆ గింజంత మేర జరగగానే గాలిలో కొట్టుకోవడం ఆగిపోయింది. గదిలో ఏదో దీపం వెలిగించినట్టు స్వరం నిలబడింది. ఆమె కమాను తీయలేదు, మేం మాట్లాడలేదు.

1788లో కలకత్తాలో అచ్చయిన ఏషియాటిక్ రిసెర్చెస్ మొదటి సంపుటంలో ఫ్రాన్సిస్ ఫౌక్ అనే ఇంగ్లీషాయన బీన్, అంటే ఉత్తరాది వీణ, గురించి రాసిన ఉత్తరం ఉంది. తన చెవిని నమ్మకుండా బీన్‌ను హార్ప్సికార్డ్‌కు శ్రుతి చేయించి, స్వరం స్వరం పోల్చి చూశానని అందులో రాశాడు. శ్రద్ధగల మనిషే. అయినా కొలబద్దగా తనతో తెచ్చుకున్న పెట్టెనే పెట్టుకున్నాడు. మామయ్యగారి హాలులో కొలబద్ద తంబురా అయింది. అడగకుండానే ఆమె అలా చేసిందనేది నేను మరిచిపోలేను.

అన్నీ ఇంత సాఫీగా జరగలేదు. ఉత్త తీగలు తంబురాకు కలిపి, మధ్యమాల దూరాలన్నీ, అంటే ‘స’ నుంచి ‘మ’ దాకా ఉండేంత ఎడాలన్నీ, కచ్చితంగా సరిచేసేసరికి మధ్యలో ఒక జోడీ చెడింది. కైశికి నిషాదం తీగకూ రిషభం తీగకూ మధ్య ఉన్నది గాంధారం దూరం, ‘స’ నుంచి ‘గ’ దాకా ఉండేంత. చుట్టూ ఉన్నవన్నీ సరిపోతే ఆ ఒక్కటీ వెడల్పయిపోతుంది. ఆ రెండు తీగలూ కలిపి మోగిస్తూ ఆమె మొహం ముడుచుకుంది. చిన్నప్పటినుంచి ఆ జోడీ తీయగా వినడానికే ఆమె చెవి పెరిగింది. దానికోసం వాళ్లు పంచమాలను కొద్దిగా కుదిస్తారు కూడా. మనకు పంచమం కుదించడమంటే గుడి గోపురం వంచడం లాంటిది.

అక్క వీణ ఒళ్లో పెట్టుకునే అంది: ‘ఆ రెండూ కలిపి ఎవరు మోగించమన్నారమ్మా? ఒకదాని తర్వాత ఒకటి రానీ.’

నేను తర్జుమా చేసి చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నిషాదం నుంచి షడ్జం మీదుగా రిషభానికి నెమ్మదిగా ఒక పదం వాయించింది, అక్కడ ఏ గొడవా లేదు. రెండు సంగీతాలు కలవడమంటే నా దృష్టిలో ఇదే. రాగాలూ గతులూ కలిపేముందు, ఎవరి చెవికి ఏది నొప్పి కలిగిస్తుందో తెలుసుకోవాలి. ఆ నొప్పిని దాటేసి హడావుడిగా వేదికెక్కిన కలయికలు నేను చాలా విన్నాను. అవేవీ ఇప్పుడు గుర్తులేవు.

మూడో రోజు: కొండదారి

కారులో ఆర్.ఉదయగిరి, మోహన మీదుగా బరంపురం. గాంబాను వెనక సీటులో పడుకోబెట్టి, ఇరువైపులా నేనూ అక్కా పట్టుకుని కూర్చున్నాం. తప్తపాణి దగ్గర వేడినీటి బుగ్గ చూడటానికి ఆగాం. అక్కడ చెట్టు కింద ఒక నాథ జోగి కెందెరా వాయిస్తూ ఒడియాలో పాడుతున్నాడు. వెదురు, కొబ్బరి చిప్ప, గుర్రపు వెంట్రుకలు, ఇంతే ఆ వాద్యం. అతిథి కింద కూర్చుని విని, తన కమాను తీసి చూపించింది. అదీ గుర్రపు వెంట్రుకే. జోగి దాన్ని వేలితో తాకి నవ్వాడు. ఫిడేలు మనకు ఓడల మీద వచ్చిన మాట నిజమే గానీ, తీగ మీద కమాను రాయడం మనకు ఓడలు నేర్పలేదు.

నాలుగో రోజు: బరంపురం, మగ్గం గది

పిన్నిగారిది దేవాంగుల వీధి. పట్టు నేసే ఇళ్లు. బరంపురం పట్టు చీరకు ఒడిశా అంతటా పేరు. అది నేసే వాళ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వీధిలో ఒక అరుగు మీద ఒడియా, పక్క అరుగు మీద తెలుగు, కొన్ని ఇళ్లలో ఒకే వాక్యంలో రెండూ. పొద్దున్న పిన్ని పెట్టిన పెసరట్టు తింటుండగానే పక్కింటి తాతగారు వచ్చారు. ఎనభై దాటాయి. మర్నాడు సాయంత్రం కచేరీ పిన్నిగారి హాలులో అనుకున్నాం. ఆయన వచ్చి, ‘నలభై మంది పడతారా ఇందులో? మా మగ్గం గది ఖాళీగానే ఉంది, రండి’ అన్నారు.

మాకు అసలు చిక్కు కూర్చోవడం దగ్గర వచ్చింది. మనం నేల మీద కూర్చుంటాం. గాంబా పిక్కల మధ్య నిలబడాలి కాబట్టి ఆమెకు కుర్చీ కావాలి. నిన్నటిదాకా ఆమె కుర్చీలో, మేం చాప మీద. ఆమె మోకాళ్లు నా మొహం ఎత్తున ఉండేవి. కంటికి కన్ను కలవదు, శ్వాస కలవదు. తలలు పైకెత్తి వాయిస్తే మెడలు పట్టేస్తున్నాయి.

మగ్గం గదిలో అడుగుపెట్టగానే అక్క గట్టిగా నవ్వింది. రెండు గుంట మగ్గాలు. ఒకదాని మీద నేత నడుస్తోంది. రెండోది విప్పేశారు, గుంట మాత్రం అలాగే ఉంది. నేతగాడు నేల మట్టాన కూర్చుని కాళ్లు గుంటలోకి వదిలి కింది పలకలు తొక్కుతాడు. అతిథిని ఆ గట్టు మీద కూర్చోబెట్టాం. కాళ్లు గుంటలో, వాద్యం పిక్కల మధ్య, మొహం మా మొహాలకు సమానంగా. ఆమె కమాను తీసి అటూ ఇటూ ఊపి చూసింది. గాంబా కమానును అరచెయ్యి పైకి పెట్టి, కింది నుంచి పట్టుకుంటారు, నాడె విసిరే చెయ్యిలా ఉంటుంది. ఎక్కడా తగల్లేదు. నాలుగు తరాల నేతగాళ్లు కూర్చుని నున్నబడ్డ ఆ గట్టు ఆమె కోసమే కట్టినట్టు సరిపోయింది.

సాయంత్రం సాధన మొదలుపెట్టిన పావుగంటకు నాలుగో మెట్టు తెగింది. రెండు రోజులుగా జరుపుతూ ఉండటం వల్ల పేగు పీచులు లేచి ఉంది. సముద్రపు చెమ్మ ఇంకొంత చేసింది. ఆమె దగ్గర మిగిలిన పేగు సన్నది. ఈ మెట్లు పైనుంచి కిందికి వచ్చేకొద్దీ సన్నబడాలి, నాలుగోది సన్నదైతే తీగ ఐదో మెట్టుకు తగిలి గరగరమంటుంది. ఊళ్లో ఎక్కడ దొరుకుతుంది?

తాతగారు తెగిన ముక్కను చేతిలోకి తీసుకున్నారు. కళ్లజోడు పైకి నెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టి, గోళ్ల మధ్య నెమ్మదిగా తిప్పారు. పురి ఎటు పోతోందో చూశారు. ‘ఇది ఒక్క పోగు కాదు. చాలా పోగులు కలిపి పురిపెట్టి ఆరబెట్టారు. మన పనే’ అన్నారు. లోపలికెళ్లి ముడి పట్టు తెచ్చారు. ఉడకబెట్టి బంక తీసిన పట్టు మెత్తగా ఉంటుంది, చీరకు అది. దీనికి బంక ఉన్న పట్టే కావాలి, బిరుసుగా నిలబడుతుంది అని వివరించారు. పదహారు పోగులు కలిపి, ఒక కొసను కాలి బొటనవేలికి చుట్టి, రెండో కొసను అరచేతుల మధ్య దొర్లించారు. పురి ఎక్కి ఎక్కి దారం తనమీద తానే మెలిపడబోయేసరికి ఆపి, తడిపి, రెండు మేకుల మధ్య లాగి కట్టారు. ఆరాక అక్క మైనం ముద్దతో రుద్దింది. వీణ మెట్లు నాటే మైనం అది.

అతిథి దాన్ని మెడ చుట్టూ రెండు చుట్లు తిప్పి, తన ముడివేసి బిగించింది. కమాను వేసింది. పేగు మెట్టు కంటే పలుకు కొంచెం మెత్తన. కానీ గరగర లేదు, జారడం లేదు. తంబురా గాంధారం దగ్గర సరిగ్గా కూర్చుంది.

తంబురాకు కూడా ఆ పట్టులోంచే ఒక పోగు తీశాం. గుర్రం మీద తీగ కింద పెట్టే జీవాళికి. పిన్ని తెచ్చిన నూలు పోగు కంటే అది నిలకడగా మోగింది.

ఐదో రోజు: కోట, కచేరీ

ఉదయం గంజాం వెళ్లాం. ఋషికుల్యా నది సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లో పోతగఢ్ కోట ఉంది. నక్షత్రం ఆకారంలో, 1768లో కంపెనీ అధికారి ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ కాలంలో కట్టడం మొదలుపెట్టింది. 1815లో విషజ్వరాలు వచ్చి కంపెనీవాళ్లు గంజాం వదిలేశారు. ఇప్పుడు ఇటుకల మీద రావి మొక్కలు. అతిథి గోడ మీద కూర్చుని సముద్రం వైపు చూస్తుంటే, నేను ఆమెకు మద్రాసు కథ చెప్పాను.

ఈ కోటలో కంపెనీ జెండా ఎగురుతున్న రోజుల్లోనే మద్రాసులో మణలి ముదలియారుగారి ఆదరణలో ముత్తుస్వామి దీక్షితులవారి కుటుంబం ఉండేది. తమ్ముడు బాలుస్వామి దీక్షితులు అక్కడొక ఐరోపా విద్వాంసుడి దగ్గర ఫిడేలు నేర్చుకుని, దాన్ని మన సంగీతానికి వంచారు. అన్నగారు మద్రాసు కోట బ్యాండు వాయించే వరసలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. నొట్టుస్వరాలు అవే, నలభై దాకా ఉన్నాయి, అన్నీ శంకరాభరణం స్వరాల్లో. వాటిలో ఒకటి ఇంగ్లీషు రాజుకు పాడే వరస, దాని మీద అమ్మవారి స్తుతి. బాలుస్వామిగారు 1786లో పుట్టారు. ఆ మరుసటి ఏడే అక్కడ ఆబెల్ పోయాడు. ఐరోపాలో గాంబాను వెనక్కి నెట్టిన ఫిడేలే ఇక్కడ ఇంటి మనిషైంది. దీక్షితుల సంప్రదాయాన్నంతా సుబ్బరామ దీక్షితులుగారు 1904లో తెలుగు అక్షరాల్లోనే అచ్చువేయించారు. మా గురుపరంపర ద్వారం వెంకటస్వామి నాయుడుగారిది. 1919లో విజయనగరం సంగీత కళాశాల తెరిచినప్పుడు ఫిడేలు చెప్పడానికి చేరి, 1936లో దానికే అధ్యక్షులైన మనిషి. నాయుడుగారి రికార్డుల్లో పొడుగాటి కమాను వినాలి. ఒక్క లాగులో స్వరం ఎంతసేపు నిలుస్తుందో!

సాయంత్రం ఆరింటికి మగ్గం గది నిండిపోయింది. పనివాళ్లు నడుస్తున్న మగ్గం మీది పడుగును తెల్లగుడ్డతో కప్పారు. వీధి పిల్లలు గుమ్మంలో. తంబురా తాతగారి మనవరాలి చేతిలో.

మొదట ఒక నొట్టుస్వరం, మూడు వాద్యాల మీద. అది ఐరోపాలో పుట్టినా ఆమె ఎన్నడూ వినలేదు, మేం చిన్నప్పుడే నేర్చుకున్నాం. తర్వాత అక్క శంకరాభరణంలో తానం. దానికి జవాబుగా ఆమె తాళం లేకుండా, గణాల గీతలు లేకుండా రాసుకున్న ఒక పాత ఫ్రెంచి ఆరంభం వాయించింది. వాద్యకారుడి శ్వాసే దానికి కొలత. పిన్ని పక్కనున్నావిడ ‘ఇది ఆలాపనే కదా’ అనడం నాకు వినిపించింది.

తర్వాతది అసలు పరీక్ష. ఫ్రెంచి గాంబా విద్వాంసుడు మారిన్ మారే 1701లో అచ్చువేసిన ఫోలియా వరసలు. ఒకే మంద్ర స్వరమార్గం మీద ఒక్కోసారి ఒక్కో అల్లిక, మొత్తం ముప్ఫై రెండు. మేం తొమ్మిదే ఎంచుకున్నాం. మార్గం పదహారు గణాలు, గణానికి మూడు దెబ్బలు. మృదంగం వాయించే కుర్రవాడు సాధనలోనే లెక్కకట్టి చెప్పాడు: ‘48 అక్షరాలక్కా, ఆరు ఆది తాళాలు.’ అతను ఆదిలో నడుపుతుంటే ఆమె మూడులో నడిచింది, 48 దగ్గర ఇద్దరూ కలిశారు. మొదటిసారి కలిసినప్పుడు ఆమె కమాను చెయ్యి వణికింది. తర్వాత రెండుసార్లు ధైర్యంగా నవ్వుతూ దిగింది.

ఆ మార్గం మీద నేను కీరవాణి రాగంలో స్వరకల్పన చేయాలి. పుస్తకం చూసి అన్నీ సరిపోతాయనుకున్నాం. మార్గం రెండు సగాల్లోనూ నాలుగో గణంలో, మళ్లీ ఆరో గణంలో మంద్రంలో కైశికి నిషాదం వస్తుంది. కీరవాణికి దానికంటే అరమెట్టు పైనుండే కాకలి నిషాదం ప్రాణం. రెండూ ఒకేసారి మోగితే వినలేం. సాధనలో ఆమె తన మంద్రం మార్చుకుంటానంది, నేను వద్దన్నాను. మార్గం మారిస్తే అది ఫోలియా కాదు. ఆ గణాలన్నిటిలోనూ నిషాదాన్ని తాకకుండా, గాంధార పంచమాల మధ్యే తిరిగాను. ఇల్లు ఇరుకైనప్పుడు పక్కకు ఒదిగి నిలబడ్డట్టు. ఆ ఒదగడంలో నాకు ఇంతకుముందు తోచని పదాలు తోచాయి. 1553లో రోములో డియేగో ఓర్టిజ్, 1659లో ఇంగ్లండులో క్రిస్టఫర్ సింప్సన్, మంద్రమార్గం మీద అప్పటికప్పుడు అల్లడం ఎలాగో గాంబా వాద్యకారులకు పుస్తకాలు రాసి నేర్పారు. తన గురువులు అచ్చయినది వాయించమన్నారే గానీ అల్లమనలేదని ఆమె ముందురోజు చెప్పింది. ఎనిమిదో వరస దగ్గర కాగితం మీంచి కళ్లెత్తి, నా పదం ఒకటి పట్టుకుని తిరగేసి ఇచ్చింది. కాగితంలో లేనిది. అక్క ‘శభాష్’ అంది.

కుదరనిది ఒకటుంది. గమకం. మెట్టు మీద నొక్కిన పేగు తీగ మన కంపితానికి లొంగదు. కాసేపు ప్రయత్నించి ఆమె మానేసింది. నిలకడ స్వరం ఆమె పట్టి ఉంచితే, దాని మీద వీణ ఊగింది. అలాగే బాగుంది. గమకాన్ని అనుకరించి ఉంటే చెడేది.

చివర మధ్యమావతి. ఆమె మెట్టు ఒక్కటీ నొక్కలేదు. ఏడు ఉత్త తీగలనూ కమానుతో, వేలితో, ఒకదాని తర్వాత ఒకటి, అక్క చెప్పినట్టే. నేనూ అక్కా వాటి మధ్య రాగం నింపాం. ఎంతసేపు వాయించామో ఎవరూ చూసుకోలేదు. ఆపాక కూడా తంబురా నడుస్తూనే ఉంది, ఆ పిల్లకు ఆపమని ఎవరూ చెప్పలేదు.

ఆరో రోజు: స్టేషను

బరంపురం స్టేషనులో రైలు గంట ఆలస్యం. బల్ల మీద పెట్టె తెరిచి ఆమె విమానం కోసం తీగలన్నీ కొంచెం కొంచెం వదులు చేసింది. ఇంటికెళ్లిన నాలుగో రోజునే హార్ప్సికార్డ్‌తో కచేరీ ఉంది. మెట్టు మళ్లీ పాత చోటికి రావాలి. పట్టు మెట్టును విప్పుతుందనుకున్నాను. విప్పలేదు. జేబులోంచి పెన్సిలు తీసి, మెడ పక్కన, పట్టుముడి ఆనుకుని ఉన్న చోట సన్నని గీత గీసింది. ‘ఈ ఊరి పేరు మీ లిపిలో ఎలా రాస్తారు?’ అని అడిగింది. నా అరచేతిలో రాసి చూపించాను. గీత పక్కన, గోరంత జాగాలో, ఒక్కో అక్షరం చూసి చూసి దింపుతూ ‘బరంపురం’ అని రాసింది. తర్వాత రెండు వేళ్లతో మెట్టును బియ్యపు గింజంత కిందికి జరిపి, పెట్టె మూసింది.